సిలబస్‌లో లేని ప్రశ్న

స్పోర్ట్స్ సెడాన్ల గురించి రాసేవాళ్ళు ముందు హార్స్‌పవర్ చెప్తారు. తర్వాత సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లో చెప్తారు. ఆ పైన స్టీరింగ్ చేతికి ఎలా తగులుతోందో రెండు పేరాలు. సేఫ్టీ సంగతి చివర్లో ఒక్క ముక్క - ఇన్ని ఎయిర్‌బ్యాగులు, ఇన్ని స్టార్లు - అక్కడితో సరి. నా మటుకు నాకు అసలు ఇంజనీరింగ్ అంతా ఆ చివరి ముక్కలోనే ఉందనిపిస్తుంది. ఈమధ్య రెండు వారాంతాలు కూచుని ఆ చదువే చదివాను.

కారణం ఉంది లెండి. మా అమ్మాయికి పదహారు నిండాయి, లెర్నర్స్ పర్మిట్ చేతికొచ్చింది. అమెరికాలో ఉండేవాళ్ళకి ఈ ఘట్టం ఏమిటో తెలుసు. మా ఇంట్లో 2008 మోడల్ స్పోర్ట్స్ సెడాన్ ఒకటుంది. ఏ కంపెనీదన్నది అనవసరం. మా అమ్మాయికంటే ఆ కారే వయసులో పెద్దది. మలుపు తిరిగేటప్పుడు నేలకి అతుక్కుని వెళ్ళే ఆ పద్ధతి మీద నాకింకా మోజు తీరలేదు. మా ఆవిడ వాదన మాత్రం సింపుల్: "పాత కారే కదండీ, నాలుగు గీతలు పడ్డా బాధుండదు. దానికది ఇచ్చేసి మీరు కొత్తది కొనుక్కోండి."

ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో చాలావరకు జరిగేది ఇదే. కానీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఇంట్లో అందరికంటే తక్కువ అనుభవం ఉన్న మనిషికి అందరికంటే పాత సేఫ్టీ ఉన్న కారు. ఇరవయ్యేళ్ళుగా నడుపుతున్న నాకేమో తనంతట తానే బ్రేకు వేసే కొత్త కారు. ఈ లెక్క తలకిందులుగా లేదూ?

సరే, "పాత సేఫ్టీ" అంటే ఎంత పాత? ఈ పదిహేడు పద్ధెనిమిదేళ్ళలో నిజంగా ఏం మారింది? దీనికి బీఎండబ్ల్యూ 3 సిరీస్‌ని ఉదాహరణగా తీసుకుంటాను. స్పోర్ట్స్ సెడాన్ల తరగతిలో అందరూ పక్కన పెట్టి పోల్చుకునే కారు అది. 1975 నుంచీ వస్తోంది, ఏడెనిమిదేళ్ళకోసారి మొత్తం తిరగరాస్తారు. మనకి కావలసింది చివరి రెండు తరాలు: 2012లో అమెరికాకొచ్చిన ఎఫ్30, 2018 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో చూపించి 2019లో అమ్మకానికి పెట్టిన జీ20.

ముందు 2012కి వెళ్దాం. అమెరికాలో ఐఐహెచ్‌ఎస్ అని ఒక సంస్థ ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీలు డబ్బు పెట్టి నడుపుతాయి. కార్లని గోడకేసి గుద్ది మార్కులు వేయడం దాని పనుల్లో ఒకటి. 1995 నుంచీ వాళ్ళు చేస్తున్న పరీక్ష ఏమిటంటే, కారు ముందుభాగం వెడల్పులో నలభై శాతం అడ్డుకి తగిలేలా గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించడం. మొదట్లో చాలా కార్లు తప్పాయి. 2000 దాటాక ఒక్కొక్కటీ పాసవుతూ వచ్చి, 2010 నాటికి దాదాపు కొత్త కార్లన్నీ "గుడ్" తెచ్చుకుంటున్నాయి. అందరికీ డిస్టింక్షన్ వస్తుంటే పరీక్ష పెట్టేవాడికి అనుమానం రావాలి కదా, వచ్చింది. ఇంత బాగా పాసైన కార్లలో కూడా జనం ఎందుకు చచ్చిపోతున్నారని ప్రమాదాల రికార్డులు తవ్వారు. ముందు సీట్లవాళ్ళకి తీవ్రమైన గాయాలో మరణమో జరిగిన ఎదురుగుద్దుళ్ళలో దాదాపు నాలుగోవంతు ఒకే రకం అని తేలింది. కారు ముందుభాగంలో ఓ మూల మాత్రమే తగిలేవి. రోడ్డు పక్క చెట్టు, కరెంటు స్తంభం, లేదా ఎదురుగా గీత దాటి వచ్చిన ఇంకో కారు.

మూల తగిలితే ఏమవుతుందో తెలియాలంటే బానెట్ కింద ఏముందో తెలియాలి. కారు ముందు రెండు పొడవాటి స్టీలు దూలాలుంటాయి. అవే దెబ్బని తిని, అకార్డియన్ తిత్తిలా మడతలు పడుతూ, వేగాన్ని మింగేస్తాయి. మనుషులు కూచునే భాగం మాత్రం నలగకుండా బోనులా నిలబడాలి. నలిగేది నలగాలి, నిలిచేది నిలవాలి - క్రాష్ ఇంజనీరింగ్ మొత్తం ఈ ఒక్క వాక్యమే. చిక్కేమిటంటే ఆ దూలాలు కారు మధ్య సగంలో ఉంటాయి. నలభై శాతం గుద్దులో కనీసం ఒక దూలానికి దెబ్బ తగులుతుంది. పాతిక శాతం గుద్దులో? దూలం పక్కనుంచి దెబ్బ జారిపోతుంది. నేరుగా తగిలేది ముందు చక్రానికి. చక్రం వెనక్కొచ్చి డ్రైవరు కాళ్ళ దగ్గరికి చొరబడుతుంది. అది చాలదన్నట్టు కారు గిర్రున పక్కకి తిరుగుతుంది. మనిషి ముందుకీ పక్కకీ ఏటవాలుగా వెళ్తాడు. స్టీరింగ్ ఒకవైపుకీ, తల మరోవైపుకీ. ఎదురుగా తెరుచుకున్న ఎయిర్‌బ్యాగు మీంచి తల జారిపోతుంది.

ఐఐహెచ్‌ఎస్ వాళ్ళు 2012 ఆగస్టులో ఈ పాతిక శాతం పరీక్ష మొదలుపెట్టారు. మొదటి బ్యాచ్‌లో ఏ చవక కార్లనో తీసుకోలేదు. పదకొండు ఖరీదైన సెడాన్లని తీసుకున్నారు. కొత్త సేఫ్టీ ఏదొచ్చినా ముందు ఖరీదైన కార్లలోనే వస్తుంది కాబట్టి. ఫలితం చూడండి. "గుడ్" వచ్చింది రెండిటికే: ఎక్యూరా టీఎల్, వోల్వో ఎస్60. ఇన్ఫినిటీ జీకి దాని కింద మెట్టు. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌తో సహా నాలుగింటికి "మార్జినల్", అంటే అత్తెసరు మార్కులు. మెర్సిడెస్ సీ క్లాస్, ఆడీ ఏ4, లెక్సస్‌లు రెండూ - "పూర్". ఫోక్స్‌వాగన్ సీసీకైతే తలుపు కీళ్ళతో సహా ఊడిపోయింది. మెర్సిడెస్‌లో బొమ్మ కుడికాలు బ్రేకు పెడల్ కింద ఇరుక్కుపోయింది. అప్పటికి ఎఫ్30 సరికొత్త మోడల్, మార్కెట్లోకొచ్చి ఏడాది కూడా కాలేదని గుర్తుపెట్టుకోండి.

ఇదంతా చదువుతుంటే నాకు మన ఇంటర్మీడియట్ కాలేజీలు గుర్తొచ్చాయి. గత పదేళ్ళ ప్రశ్నపత్రాలు ముందేసుకుని, ఇంపార్టెంట్లు గీసుకుని, గైడు బట్టీ పట్టి నూటికి తొంభై తెచ్చుకునే పద్ధతి. పేపరు సెట్ చేసే లెక్చరర్ మారి ప్రశ్న కాస్త పక్కకి తిప్పి అడిగితే "అవుట్ ఆఫ్ సిలబస్" అని గోల. మా సాఫ్ట్‌వేర్లోనూ ఇదే సంగతి. క్లయింటు ఏ టెస్టు కేసులు చూస్తాడో తెలిస్తే కోడు ఆ కేసుల చుట్టూనే బలపడుతుంది. మిగతా చోట్ల ఏముందో ఎవరికీ తెలీదు. టెస్టులన్నీ పచ్చగా కనిపిస్తాయి, ప్రొడక్షన్లో రాత్రి రెండింటికి ఫోనొస్తుంది. తేడా ఏమిటంటే మాకు ఫోనొస్తుంది, అక్కడ అంబులెన్సొస్తుంది.

వోల్వో సంగతి మాత్రం చెప్పుకోవాలి. ఎవరూ అడక్కముందే, 1980ల చివర్నుంచీ వాళ్ళు ఇలాంటి గుద్దుల్ని తమ డిజైన్ పరీక్షల్లో పెట్టుకున్నారు. బానెట్ పక్కన పైనుండే దూలాల్ని గట్టిచేశారు, డాష్‌బోర్డ్ కింద అడ్డంగా స్టీలు దూలం వేశారు. పాతికేళ్ళు ఆ పరీక్షకి మార్కులిచ్చేవాడు లేడు. అయినా చదివారు. సిలబస్ కోసం చదివేవాడికీ సబ్జెక్టు కోసం చదివేవాడికీ తేడా ఇదేనేమో.

ఇప్పుడు జీ20కి వద్దాం. కంపెనీ చెప్పిన లెక్కలు ఇవి: పాతదానికంటే 55 కిలోల దాకా తేలిక, గురుత్వ కేంద్రం 10 మిల్లీమీటర్లు కిందకి, చక్రాల మధ్య దూరం ముందు 43, వెనక 21 మిల్లీమీటర్లు ఎక్కువ, బాడీ బిగువు దాదాపు పాతిక శాతం ఎక్కువ. కారు 76 మిల్లీమీటర్లు పొడవు పెరిగింది, అయినా బరువు తగ్గింది. బానెట్, ముందు మడ్‌గార్డులు అల్యూమినియంతో చేశారు. షాకబ్జర్లు కూడా మార్చారు. చిన్న గతుకుకి మెత్తగా ఉండి, లోతుగా నొక్కుకునే కొద్దీ గట్టిపడేవి పెట్టారు.

ఈ లెక్కలన్నీ పత్రికల్లో "డ్రైవింగ్ ప్లెజర్" ఖాతాలో రాసేస్తారు. నేను సేఫ్టీ ఖాతాలో కూడా రాస్తాను. గురుత్వ కేంద్రం దిగి, చక్రాలు ఎడంగా ఉంటే, కుక్క అడ్డమొచ్చినప్పుడు స్టీరింగ్ ఠక్కున తిప్పినా కారు తూలదు. బాడీ బిగువుగా ఉంటే సస్పెన్షన్ తన పని తాను చేయగలదు. గుద్దుకున్నాక కాపాడేది ఒక సేఫ్టీ, గుద్దుకోకుండా కాపాడేది ఇంకో సేఫ్టీ. మంచి స్పోర్ట్స్ సెడాన్ రెండో దాంట్లో పుట్టుకతోనే ముందుంటుంది. ఈ కార్ల మీద నాకున్న మోజుకి ఇదే ఉన్నంతలో గౌరవప్రదమైన సాకు :)

ఆ రెండో రకం సేఫ్టీలో రారాజు ఈఎస్‌సీ, అంటే కారు అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. బాష్, మెర్సిడెస్ కలిసి 1995లో తెచ్చాయి. పనితీరు నాలాంటివాడికి కవిత్వంలా ఉంటుంది. స్టీరింగ్ ఎంత తిప్పారో ఒక సెన్సర్ చెప్తుంది - అంటే డ్రైవరు ఎటు వెళ్ళాలనుకుంటున్నాడో. కారు నిజంగా ఎంత తిరుగుతోందో ఇంకో సెన్సర్ చెప్తుంది. రెండిటికీ పొంతన కుదరకపోతే, నాలుగు చక్రాల్లో ఏదో ఒక్కదానికి మాత్రం బ్రేకు తగిలించి కారుని దారిలోకి లాగుతుంది. మీరు కనురెప్ప వేసేలోపల ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. ఒంటరిగా అదుపుతప్పి చనిపోయే ప్రమాదాల అవకాశాన్ని ఇది దాదాపు సగానికి తగ్గిస్తుందని ఐఐహెచ్‌ఎస్ అంచనా. 1997లో స్వీడన్ పత్రిక టెక్నికెన్స్ వార్ల్డ్ పరీక్షలో మెర్సిడెస్ ఏ క్లాస్ బోల్తాపడితే, పరువు కాపాడుకోవడానికి ఆ చిన్న కారు అన్నిటిలోనూ దీన్ని పెట్టేశారు. అమెరికాలో 2012 మోడల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. మా పాత కారులో కూడా ఉంది, దానికి ఆ మార్కులు ఇవ్వాల్సిందే.

కాని మార్కులు రాని విషయాలు చాలా ఉన్నాయి. హెడ్‌లైట్లు చూడండి. లైటు ఎంతదూరం పడుతుందో ఎవరైనా షోరూంలో అడుగుతారా? 2016లో ఐఐహెచ్‌ఎస్ మొదటిసారి హెడ్‌లైట్లకి మార్కులు వేసింది. మొత్తం 31 మిడ్‌సైజ్ కార్లలో "గుడ్" ఒక్కటే, టొయోటా ప్రియస్ వీ. అన్నిటికంటే అధ్వాన్నం ఏది? బీఎండబ్ల్యూ 3 సిరీస్ హాలోజన్ లైట్లు. ఎదురుగా అడ్డు కనిపించాక ఆగగలగాలంటే ఆ లైట్లతో గంటకి 56 కిలోమీటర్లు మించి వెళ్ళకూడదట. ప్రపంచంలో అందరూ మెచ్చుకునే స్టీరింగ్ సెడాన్, రాత్రిపూట స్కూలు జోను వేగానికి కాస్త ఎక్కువ! డబ్బు పెట్టి పై రకం ఎల్‌ఈడీ లైట్లు వేయించుకుంటే "మార్జినల్" దాకా ఎక్కేది. ఇంజను మీద ఎంత చదువుందో లైటు మీద అంత లేదు, ఎందుకంటే అప్పటిదాకా దానికి పరీక్ష లేదు.

జీ20 వచ్చాక ఐఐహెచ్‌ఎస్ దానికి 2019లో టాప్ సేఫ్టీ పిక్ ప్లస్ ఇచ్చింది. ఆ బిరుదుకి డ్రైవరు వైపు పాతిక శాతం గుద్దులో "గుడ్" రావాలి, హెడ్‌లైట్లకీ "గుడ్" రావాలి. వచ్చాయి. అయితే ఒక మెలిక - అన్ని జీ20లకీ కాదు, ఫలానా హెడ్‌లైట్లున్న వాటికే. ఐరోపాలో యూరో ఎన్‌క్యాప్ కూడా అదే ఏడు అయిదు స్టార్లిచ్చింది. పెద్దవాళ్ళ రక్షణలో 97 శాతం, పిల్లల రక్షణలో 87, రోడ్డు మీద నడిచేవాళ్ళూ సైకిలు తొక్కేవాళ్ళ విషయంలో 87. అదే 3 సిరీస్ ఒక్క తరంలో అత్తెసరు నుంచి ఫస్టు క్లాసుకి వచ్చింది. మీరు షోరూంలో రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా కంటికి కనపడదు. కొత్తదాని ముక్కు కాస్త వెడల్పు అంటారు, అంతే.

ఇక్కడితో కథ సుఖాంతమే అనుకోవచ్చు. అనుకోలేకపోయాను. కారణం, ఆ పాతిక శాతం పరీక్షని డ్రైవరు వైపు మాత్రమే పెట్టడం.

2016లో ఐఐహెచ్‌ఎస్ వాళ్ళకి ఇంకో అనుమానం వచ్చింది. డ్రైవరు వైపు "గుడ్" తెచ్చుకున్న ఏడు చిన్న ఎస్‌యూవీలని తీసుకుని, ఈసారి పక్కసీటు వైపు గుద్దించి చూశారు. "గుడ్" స్థాయిలో నిలిచింది ఒక్కటే, హ్యుందాయ్ టూసాన్. టొయోటా రావ్4 అయితే "పూర్" స్థాయి. డ్రైవరు వైపుకంటే పక్కసీటు వైపు 13 అంగుళాలు ఎక్కువగా లోపలికి చొచ్చుకొచ్చింది. బంపర్ విప్పి చూస్తే, కొన్ని కార్లలో బలపరిచిన స్టీలు ఒక్కవైపే కనిపించింది. ఒకే కారు, ఒకే కుటుంబం, ఎడమవైపు కూచున్నవాళ్ళకి ఒక న్యాయం, కుడివైపు కూచున్నవాళ్ళకి ఒక న్యాయం. మా ఇంట్లో నేను నడుపుతుంటే ఆ కుడివైపు కూచునేది మా ఆవిడ. అమ్మాయి నేర్చుకుంటుంటే కూచునేది నేను.

2017 నుంచీ పక్కసీటు వైపు పరీక్ష కూడా పెట్టారు, కంపెనీలు రెండో వైపు కూడా చదవడం మొదలుపెట్టాయి. మరి వెనకసీటు? ఆ వంతు 2022 డిసెంబరులో వచ్చింది. పాత నలభై శాతం పరీక్షనే తీసుకుని డ్రైవరు వెనకాల ఇంకో బొమ్మని కూచోబెట్టారు. చిన్న ఆడమనిషో, పన్నెండేళ్ళ పిల్లో ఎంత ఉంటుందో అంత బొమ్మ. పదిహేను చిన్న ఎస్‌యూవీల్లో "గుడ్" రెండిటికే: ఫోర్డ్ ఎస్కేప్, వోల్వో ఎక్స్‌సీ40. 2007 తర్వాత మోడళ్ళలో, బెల్టు పెట్టుకున్నా సరే, వెనకసీట్లో చనిపోయే ప్రమాదం ముందుసీటు కంటే 46 శాతం ఎక్కువని వాళ్ళు లెక్కగట్టారు. వెనకసీటు పాడవలేదు. ముందుసీటు బాగుపడింది, వెనకది ఉన్నచోటే ఉండిపోయింది. గుద్దు తగిలిన క్షణంలో బెల్టుని బిగించే యంత్రం, ఛాతీ మీద మరీ నొక్కకుండా కాస్త వదిలే ఏర్పాటు ముందు బెల్టులకి ఎప్పుడో వచ్చేశాయి. చాలా కార్లలో వెనక బెల్టు మామూలు బెల్టే.

మనకి ఇది ఇంకొంచెం ఎక్కువ తగలాల్సిన విషయం. మన దగ్గర వెనకసీటు గౌరవ స్థానం. అల్లుడుగారొస్తే, మామయ్యగారొస్తే "మీరు వెనక హాయిగా కూచోండి" అంటాం. హాయిగా అంటే బెల్టు లేకుండా అని అర్థం. మా అమ్మ హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ వెనకసీట్లో బెల్టు చూసి ఎరగదు. ఇక్కడికొచ్చాక పెట్టుకోమంటే "చీర నలుగుతుందిరా, వెనకే కదా ఉన్నది" అంటుంది. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న మెర్సిడెస్ ముంబై దగ్గర పాల్ఘర్ జిల్లాలో వంతెన గోడకి గుద్దుకుంది. ముందుసీట్లలో ఇద్దరూ బతికారు. వెనకసీట్లో బెల్టు లేకుండా కూచున్న ఇద్దరూ - ఆయనతో సహా - పోయారు. అంత ఖరీదైన కారులో ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా, బెల్టు పెట్టుకోని మనిషిని కారు బాడీ కాపాడలేదు. బెల్టు మనిషిని బోనులో ఉంచితేనే బోనుకి విలువ. అమ్మకి ఈ వార్త చెప్పాక చీర మాట ఎత్తలేదు.

ఇండియాలో మా తమ్ముడు కారు కొనేటప్పుడు "ఎన్ని స్టార్లురా?" అని అడుగుతున్నాడు. ఇది నిజంగా మంచి మార్పు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన దగ్గర అమ్మే అయిదు కార్లని పరీక్షిస్తే అయిదింటికీ సున్నా. ఆ తర్వాత పదేళ్ళు తిరక్కుండానే 2023లో స్కోడా స్లావియా, ఫోక్స్‌వాగన్ వర్టస్, కొత్త హ్యుందాయ్ వెర్నా - మన బడ్జెట్లో స్పోర్ట్స్ సెడాన్ మోజు తీర్చే కార్లే ఇవి - అయిదేసి స్టార్లు తెచ్చుకున్నాయి. అదే ఏడు అక్టోబరు 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ కూడా మొదలైంది. అయినా తమ్ముడికి ఒక మాట చెప్పాను, స్టార్ల కింద రిపోర్టు కూడా చదవమని. వెర్నాకి అయిదు స్టార్లొచ్చినా దాని బాడీ "అన్‌స్టేబుల్" అని అదే రిపోర్టులో ఉంది. ర్యాంకు చూసి కాలేజీలో చేర్పించేముందు లాబ్ ఉందో లేదో చూస్తాం కదా, అలాగన్నమాట.

ఇక అసలు చిక్కు. ఈ కార్లు ఎంత వేగం వెళ్తాయో, వాటిని ఎంత వేగంలో పరీక్షిస్తారో పక్కపక్కన రాసి చూడండి. జీ20లో 330ఐ వందకి చేరేది 5.8 సెకన్లలో. పై వేగానికి గంటకి 250 దగ్గర ఎలక్ట్రానిక్ తాళం వేస్తారు. గుద్దించేది 64 దగ్గర. 2021లో ఐఐహెచ్‌ఎస్ ఇంకో రెండు సంస్థలతో కలిసి ఒకే రకం కార్లని - 2010 హోండా సీఆర్‌వీలని - మూడు వేగాల్లో గుద్దించింది. 64 దగ్గర మనిషి కూచునే భాగం దాదాపు చెక్కుచెదరలేదు. 80 దగ్గర తలుపు, డాష్‌బోర్డ్, కాళ్ళ దగ్గర భాగం స్పష్టంగా వంకర్లు తిరిగాయి. 90 దగ్గర లోపలి చోటు కుప్పకూలింది. లెక్క కష్టమేం కాదు, తొమ్మిదో తరగతి ఫిజిక్స్. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 64 నుంచి 80కి వెళ్తే ఒకటిన్నర రెట్లు, 90కి వెళ్తే దాదాపు రెండింతలు. స్పీడోమీటర్లో ముల్లు మాత్రం బెత్తెడు కూడా జరగదు.

అందుకే స్పోర్ట్స్ సెడాన్ ఒక వింత వస్తువు నాకు. దాని సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగ్ డ్రైవరుకి "నీకేం కాదు, ఇంకొంచెం తొక్కు" అని చెవిలో చెప్తూ ఉంటాయి. ఒంటరి అర్ధరాత్రి హైవే మీద ఆ మాట నలభై దాటిన నాకే తియ్యగా వినిపిస్తుంది. పదహారేళ్ళ పిల్లకి, పక్కసీట్లో స్నేహితురాలుంటే ఎలా వినిపిస్తుంది? ఇంజనీర్లు ఒక చేత్తో ఇచ్చిన సేఫ్టీని మార్కెటింగ్‌వాళ్ళు రెండో చేత్తో తీసుకుపోతున్నారని అంటాను నేను. దీనికి కారుని తిట్టి లాభం లేదు. తాళంచెవి ఎవరి చేతిలో పెడుతున్నామన్నది మనం చూసుకోవాలి.

మా ఇంట్లో తేల్చుకున్నది ఇది. పాత కారు అమ్మాయికి ఇవ్వడం లేదు. దాని డిజైన్ టేబుల్ మీద ఉన్నప్పుడు పాతిక శాతం పరీక్ష పుట్టలేదు, పక్కసీటు పరీక్ష పుట్టలేదు, తనంతట బ్రేకు వేసే కారు మామూలు ఇళ్ళకి రాలేదు. ముందు కారుని వెనకనుంచి గుద్దే ప్రమాదాల్ని ఆ ఆటోమేటిక్ బ్రేకు ఒక్కటే సగానికి తగ్గిస్తోందని ఐఐహెచ్‌ఎస్ లెక్క. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు ఎక్కువగా చేసేది అదే కదా. కాబట్టి అమ్మాయికి నాలుగైదేళ్ళ పాత మామూలు మిడ్‌సైజ్ సెడాన్ ఒకటి వెతుకుతున్నాను. నా లిస్టులో హార్స్‌పవర్ గడి ఉంది గానీ, తక్కువుంటేనే మార్కులు. ఈఎస్‌సీ ఎలాగూ ఉంటుంది. పాతిక శాతం గుద్దులో రెండువైపులా "గుడ్", ఆటోమేటిక్ బ్రేకు, ఆ ఫలానా వేరియంట్‌కి హెడ్‌లైట్ రేటింగ్ ఎంత, మరీ చిన్న కారు కాకుండా కాస్త బరువు. ఐఐహెచ్‌ఎస్, కన్స్యూమర్ రిపోర్ట్స్ కలిసి టీనేజర్ల కోసం సెకండ్ హ్యాండ్ కార్ల జాబితా ఇస్తున్నాయి, అది బాగా పనికొచ్చింది. గీతలు పడితే పడనీ, గీతలకి భయపడి కారు ఎంచుకోవడమేమిటి?

అమ్మాయికి లిస్టు చూపిస్తే "ఇవన్నీ అంకుల్ కార్లు నాన్నా" అంది. అవునమ్మా, అంకుల్ కార్లే. నీకు ఇరవయ్యైదొచ్చాక నీ డబ్బుతో జీ20 కొనుక్కో, అప్పటికి దాని తర్వాతి తరం కూడా వచ్చేసి ఉంటుంది, ఇంకో సిలబస్ రాసి ఉంటారు అన్నాను. మూతి ముడుచుకుంది గానీ, ఆ తలుపు ఊడిపోయిన కారు వీడియో రెండుసార్లు చూసింది.

పాత స్పోర్ట్స్ సెడాన్ని ఏం చేయాలో మా ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది. అమ్మేస్తాను. అమ్మేముందు కొనేవాళ్ళింట్లో దాన్ని ఎవరు నడుపుతారో అడుగుతాను. బేరం పోతే పోతుంది.

ఈసారి ఏ కంపెనీ అయినా "సరికొత్తగా తీర్చిదిద్దిన" మోడల్ అని ప్రకటన వేస్తే, సెకన్లు చూడండి, తప్పులేదు, నేనూ చూస్తాను. దాంతోపాటు ఇంకో మూడు ప్రశ్నలడగండి: పక్కసీటు వైపు ఎంతొచ్చింది? వెనకసీటుకి ఎంతొచ్చింది? రాత్రిపూట ఎంతదూరం కనిపిస్తుంది? షోరూం కుర్రాడికి జవాబు తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే పదకొండోవాడికి తెలుస్తుంది. కంపెనీలు సిలబస్ ప్రకారమే చదువుతాయని చూశాం కదా, కనీసం ప్రశ్నలైనా మనం పెంచుదాం.